రెండు జల్లెళ్ళ మధ్య ఇసుక

786
క్యాంపు, రాజోలు దగ్గర
12 జనవరి 1984

మామూకి జిలానీ సలాం. మామీకి కూడా చెప్పండి.

నేను బాగున్నాను. ఇక్కడ ఎటు చూసినా కొబ్బరిచెట్లే. వంటవాడు ప్రతి కూరలోనూ కొబ్బరే వేస్తాడు. మామీ చేపల పులుసు తలుచుకుంటూ అన్నం మింగుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. మా కంపెనీ తవ్విన ఆయిల్ బావి ఒకటి ఇక్కడుంది. లోతు రెండున్నర కిలోమీటర్లు. అడుగున ఆయిల్ ఉంది గాని రాయి గట్టిది కావడంతో అది కదిలి రావడం లేదు. ఆ రాయిని పగలదీసి, పగుళ్ళలోకి ఇసుక పంపాలి. ఆ ఇసుక గుండ్రంగా, గట్టిగా, రేణువులన్నీ ఒకే సైజులో ఉండాలి. ఉత్తరాది నుంచి రావలసిన ఇసుక రైలు వాగను రెండు నెలలుగా ఏ స్టేషన్లో నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. మా చీఫ్ కెమిస్టు శ్రీరామ్మూర్తి గారు తల పట్టుకుని కూర్చుంటే నేను ఊరుకోలేకపోయాను. "వైజాగ్ వన్‌టౌన్‌లో మా మేనమామ జల్లెళ్ళు చేస్తారండీ, ఫౌండ్రీలకి ఇసుక జల్లించి ఇస్తారు" అన్నాను. ఆయన నా వంక ఎగాదిగా చూసి, "మేనమామా? తేడా వస్తే ఇద్దరి పేరూ పోతుంది, ఆలోచించుకో" అన్నారు.

ఆలోచించుకున్నాను మామూ. పోయినసారి నేను పట్టుకొచ్చిన గుప్పెడు తెల్ల ఇసుక, ఆనందపురం అవతల గెడ్డ వాగుది, మా ల్యాబులో ఎంత నొక్కినా పిండి కాలేదు. మీరు రెండు జల్లెళ్ళు కట్టాలి. ఒకదానికి అంగుళానికి ఇరవై కళ్ళు, రెండోదానికి నలభై. ఇసుక మొదటి దాంట్లోంచి రాలాలి, రెండో దాని మీద నిలవాలి. అలా నిలిచిందే మాకు కావాలి. నలభై మూటలు పంపండి.

మార్చి ముప్పై ఒకటికి నా ప్రొబేషన్ అయిపోతుంది. ఉంచాలో పంపాలో రాసేది శ్రీరామ్మూర్తి గారే. ఇంక మీ చేతుల్లో ఉంది.

మీ జిలానీ


786
వన్‌టౌన్, విశాఖపట్నం
19 జనవరి 1984

మేనల్లుడు జిలానీకి హుస్సేన్ బాషా దువాలు.

ఉత్తరం అందింది. నీకు ఉర్దూ రాయడం రాదు, నాకు ఇంగ్లీషు చదవడం రాదు. మునిసిపల్ బడిలో మనిద్దరం నేర్చుకున్న తెలుగే లేకపోతే నీ సంగతి నాకు తెలిసే దారే లేదు. కాస్త గుండ్రంగా రాయి. కంపెనీ ఉద్యోగం వచ్చిందని అక్షరాలు పరుగెత్తనక్కర్లేదు.

బేటా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. బావిలో నీళ్ళు రాకపోతే పూడిక తీయిస్తారు. మీరు ఇసుక పోస్తారా? మీ మామీ అయితే నువ్వు తప్పు రాశావనే అంటోంది. మన షెడ్డులో పన్నెండేళ్ళుగా ఇసుక జల్లించే పోతమ్మకి చదివి వినిపించాను. చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఏటి బాషా గారూ, బావిలో ఇసక పోసినోడికి జీతవిచ్చే కంపినీ కూడా ఉన్నాదా? మా వోడ్ని కూడా అందులో ఎట్టించండి" అంది.

ఇంకోటి. నలభై ఏళ్ళ బట్టి జల్లెళ్ళు కడుతున్నాను. బియ్యానికైతే పైన మిగిలింది మంచిది, నూకలు కిందకి పోతాయి. పిండికైతే కింద రాలింది మంచిది, పొట్టు పైన ఉంటుంది. మధ్యలో చిక్కుకున్నది మంచిదనే సరుకు గురించి ఇదే వినడం. అయినా కడతాను. ఇత్తడి జాలీకి మనిషిని పంపాను. నువ్వు నోరు జారి నా పేరు చెప్పావు, ఇంక నేను వెనక్కి తగ్గితే మీ అమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది.

కళ్ళజోడు కొత్తది తెచ్చుకున్నాను. మద్దిలపాలెం కళ్ళజోళ్ళ షాపువాడు ఇచ్చాడు. చెవుల వెనక కోస్తోంది.

హుస్సేన్ బాషా


786
క్యాంపు
27 జనవరి 1984

మామూకి సలాం.

మీ ఉత్తరం చదివి మా గుడారమంతా నవ్వింది. పోతమ్మక్కకి చెప్పండి, వాళ్ళవాడు బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివితే చూద్దామని.

అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. బావి మొత్తం ఇసుకతో నింపం. పంపులతో నీళ్ళని విపరీతమైన ఒత్తిడితో లోపలికి తోస్తే అడుగున రాయి పగులుతుంది. పంపులు ఆపగానే పగులు మళ్ళీ మూసుకుపోతుంది. తలుపు మూసుకోకుండా సందులో చెక్కముక్క పెడతాం కదా, ఇసుక చేసేది ఆ పనే. పగులు తెరిచి ఉంచుతుంది. రేణువుకీ రేణువుకీ మధ్య ఉన్న ఖాళీల్లోంచి ఆయిల్ వస్తుంది. అందుకే సన్న ఇసుక పనికిరాదు, అది ఆ ఖాళీల్లో దూరి దారి మూసేస్తుంది. మరీ పెద్దవి పగులులో పట్టవు. మీరన్న ఆ మధ్యలో చిక్కుకున్న సరుకే మాకు బంగారం.

ఇప్పుడు మామీకి చెప్పండి, కూర్చుని వినమనండి. వట్టి నీళ్ళలో ఇసుక నిలవదు, అడుక్కి దిగిపోతుంది. అందుకని నీళ్ళని చిక్కగా చెయ్యాలి. దేంతో చేస్తామో తెలుసా? గోరుచిక్కుడు గింజల పిండితో! దాంట్లో క్యారం బోర్డు మీద జల్లుకునే పొడి లాంటిది ఇంకోటి కలిపితే జున్నులా గడ్డకడుతుంది. ఇసుకని మోసుకెళ్తుంది. పని అయ్యాక మేం ముందే కలిపిన విరుగుడు మందు దాన్ని మళ్ళీ నీళ్ళు చేస్తుంది, అది బయటికొచ్చేస్తుంది, ఇసుక లోపల ఉండిపోతుంది. చిన్నప్పుడు కంచంలో గోరుచిక్కుడు కనపడితే గోడ దూకి పారిపోయేవాణ్ణి. ఇప్పుడు దాని పిండి పీపాల్లో కలుపుతున్నాను.

సన్న ఇసుక సంగతి మాత్రం మరిచిపోవద్దు.

జిలానీ


786
వన్‌టౌన్
24 ఫిబ్రవరి 1984

జిలానీకి దువాలు.

నలభై మూటలూ ఈ పొద్దున లారీ ఎక్కాయి. అర్జునరావు బండి. మూటలు ఎక్కిస్తూ అతను, "ఇసకని కడిగి, ఎండబెట్టి, రెండేసి సార్లు జల్లించి, కుట్టేసి పంపుతన్నారు. నా పెళ్ళికి కూడా ఇంత సెయ్యలేదు మా వోళ్ళు" అన్నాడు.

నాలుగు వారాలు పోతమ్మా నేనూ వేరే పని ముట్టుకోలేదు. జాలీ బిగించేటప్పుడు ఒక్క కన్ను కూడా సాగకుండా చూశాను. నీ సామాను గురించి ఇంతకంటే చెప్పేది లేదు, తెరిచి చూసుకో.

మామీ అడిగి రాయమంది: మరి ఆ పిండితో కూర కూడా చేస్తారా?

హుస్సేన్ బాషా


క్యాంపు
3 మార్చి 1984

మామూకి,

ఎలా రాయాలో తెలియడం లేదు. సరుకు నిలబడలేదు.

మూటలు వచ్చిన రోజే నేను విప్పి, ప్రతి మూటలోంచీ దోసెడు తీసి పరీక్షించాను. నలభైకి నలభై ఫెయిలయ్యాయి. ఎక్కడ చూసినా సన్న ఇసుక. మీకు అంత చెప్పినా ఇలా ఎందుకయింది? శ్రీరామ్మూర్తి గారు కాగితం చూసి, సంతకం పెట్టి ఫైల్లో పెట్టేశారు. తిట్టినా బాగుండేది. పక్క గుడారంలో వాళ్ళు మాత్రం అంటున్నారు, మేనమామ సరుకు కదా, లోపాయికారీగా ఏదో నడిచిందని.

మీరు పెద్దవారయ్యారు. కొత్త కళ్ళజోడు అలవాటు కాలేదేమో, జాలీ ఎక్కడైనా సాగిందేమో చూసుకోండి. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మిమ్మల్ని అడగడమే నా తప్పు.

మూటలు షెడ్డులో పడున్నాయి. వాగను వస్తే దానితో పని చేస్తారు. నెలాఖరుకి నేను ఇంటికి రావడం ఖాయం అనుకోండి. ఈ సంగతి మళ్ళీ ఎత్తవద్దు.

జిలానీ


786
వన్‌టౌన్
10 మార్చి 1984

జిలానీకి,

ఎత్తవద్దంటే మానేవాణ్ణి కాను. నా జల్లెడని అన్నావు, నా కళ్ళని అన్నావు. నీ ఉత్తరం మామీకి చదివి వినిపించలేదు. బాగున్నాడని చెప్పి జేబులో పెట్టుకున్నాను. ఈ వయసులో భార్యతో అబద్ధం ఆడించావు.

జల్లెళ్ళు రెండూ కిందకి దించి, భూతద్దం పెట్టి, అంగుళం అంగుళం లెక్క పెట్టాను. ఇరవై అంటే ఇరవై, నలభై అంటే నలభై. పోతమ్మ కూడా పక్కన కూర్చుని లెక్క పెట్టింది. ఆమెకి ఇరవై దాటి అంకెలు రావు, అయినా కూర్చుంది. "మన పిల్లోడు అలగ రాసినాడా?" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

నేనేం చేశానో వరసగా రాస్తాను, నీ పెద్ద ఆఫీసరుకి చూపించుకో. గెడ్డలోంచి తెచ్చాం. మూడు నీళ్ళు కడిగాం. ఎండబెట్టాం. పెద్ద కళ్ళ జల్లెడ పట్టాం. చిన్న కళ్ళ దాని మీద నిలిచింది తీశాం. అదే మళ్ళీ రెండోసారి పట్టాం, నువ్వు అడక్కపోయినా. తూకం వేశాం. ఇంత చేసిన వాడు నీ దగ్గర కక్కుర్తి పడతాడా? మా అబ్బా నాకు నేర్పింది అది కాదు. మన దుకాణం గుమ్మంలోంచి కొసరు లేకుండా ఏ సరుకూ బయటికి పోలేదు. నీకూ వేశాను. మూతి కుట్టే ముందు, నలభై మూటల మీదా నలభై పిడికిళ్ళు, బిస్మిల్లా అని నా చేత్తో. అదీ ఏ ఇసుక? జల్లెడ కింద రాలిన మెత్తటిది, ఫౌండ్రీ వాళ్ళు ఎగబడి కొనేది. మేనల్లుడివని మంచిది ఏరి వేశాను. మోసం చేసేవాడు కొసరు వేస్తాడా, చెప్పు!

ఇంక నేను జల్లెడ కట్టను. దుకాణం తలుపు వేసేశాను. నువ్వు ఇంటికి వస్తే రా, అన్నం ఉంది. ఇసుక మాట ఎత్తకు.

హుస్సేన్ బాషా


786
క్యాంపు
14 మార్చి 1984

మామూ, మామూ!

మీకు ఈపాటికి టెలిగ్రాం అంది ఉంటుంది. 'మూటల లోపలి ఇసుక అంతా మంచిదే, నా తప్పు క్షమించండి' అని ఇచ్చాను. ఇప్పుడు తీరుబడిగా రాస్తున్నాను.

మీ ఉత్తరం మొదటి పేజీ చదివి ఏడ్చాను. రెండో పేజీలో కొసరు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచిపోయాను. చెప్పులు కూడా లేకుండా షెడ్డుకి పరుగెత్తాను. ఒక మూట తీసి, పైన జానెడు మేర ఇసుక తీసేసి, లోపలిది తీసి పరీక్షించాను. పాస్. ఇంకో మూట. పాస్. భోజనానికి పిలిచినా వెళ్ళలేదు. నలభై మూటలూ అయ్యేసరికి సాయంత్రం నాలుగయింది. ఇలాంటి ఇసుక మాకు వాగన్లలో కూడా రాలేదు మామూ.

నేను దోసెడు తీసింది మూటల మూతి దగ్గర. అంటే నలభై సార్లూ మీ కొసరునే పరీక్షించాను! లోపల ఉన్న సరుకు ముట్టుకోనే లేదు. పూర్ణా మార్కెట్లో బియ్యం కొనేవాడు కూడా బస్తా మధ్యలోకి ఇనప గొట్టం గుచ్చి చూస్తాడు. ఆ మార్కెట్ పక్కన పెరిగి, కెమిస్ట్రీ చదివి, పైపైన గోకి మిమ్మల్ని దొంగని చేశాను. శ్రీరామ్మూర్తి గారి దగ్గరికి వెళ్ళి నా తప్పు నేనే చెప్పాను. మీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "కొసరా?" అన్నారు. తర్వాత చాలాసేపు నవ్వారు. వచ్చే వారం ఈ ఇసుకతోనే పని.

మీ కళ్ళని అన్నందుకు నన్ను తిట్టండి, కొట్టండి. దుకాణం తలుపు మాత్రం తియ్యండి.

మీ జిలానీ


786
వన్‌టౌన్
20 మార్చి 1984

జిలానీకి దువాలు.

టెలిగ్రాం ఇచ్చేవాడికి బుద్ధి ఉండాలి. పోస్టు మనిషి గుమ్మంలో 'టెలిగ్రాం' అనగానే మీ మామీ ఆమినాబీ గుండె బాదుకుంది. వీధి వీధంతా వచ్చేసింది. ఇంగ్లీషు చదివే మనిషి కోసం వెతికేలోపు ముగ్గురు నన్ను ఓదార్చడం కూడా అయిపోయింది. చివరికి కరెంటాఫీసు గుమాస్తా చదివి, "ఏం లేదు బాషా గారూ, ఇసుక మంచిదట" అన్నాడు. మీ మామీ వాడి వంకా నా వంకా చూసి, "ఏ ఇసుక? నాకు చెప్పంది ఏముంది?" అంది. జేబులో ఉత్తరం బయటపెట్టక తప్పింది కాదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పద్దు నీ ఖాతాలోనే రాశాను.

నీ మీద కోపం పోయింది. నిజం చెప్పాలంటే ఆ గుమాస్తా చదివినప్పుడే పోయింది. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. నీ ఉద్యోగం పోయినా నీకు ఇంత అన్నం పెట్టగలను. నా చేతి పని వల్ల పోతే మాత్రం మీ అమ్మకి ఏం జవాబు చెప్పేవాణ్ణి?

సన్న ఇసుక వద్దని నువ్వు రాసిన మాట గుర్తుంది. కాని కొసరు కూడా సరుకులోకి వస్తుందని నాకెవరు చెప్పారు? తూకం అయ్యాక వేసేది కొసరు. పోతమ్మ మాత్రం నా వైపు చూసి, "నానప్పుడే అన్నాను, ఈ మెత్తటిది ఎందుకండీ అని. మీరు వింతారేటి" అంది. అన్నదేమో, నాకు గుర్తు లేదు.

దుకాణం తీశాను.

హుస్సేన్ బాషా


786
క్యాంపు
9 ఏప్రిల్ 1984

మామూకి, మామీకి సలాం.

అల్‌హందులిల్లా. అయింది.

పంపులు పొద్దున ఏడింటికి మొదలయ్యాయి. నేల అదిరింది. గోరుచిక్కుడు జున్ను మీ ఇసుకని మోసుకుని పైపులోంచి దిగుతుంటే నేను ప్రెషర్ ముల్లు వంకే చూస్తూ నిలబడ్డాను. గంటలోపే ఇసుకంతా లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత విరుగుడు పని చెయ్యాలని ఎదురు చూడ్డం. మర్నాడు మధ్యాహ్నం వాల్వు తిప్పితే పల్చటి జిగురు నీళ్ళు వచ్చాయి. ఇసుక రాలేదు, అంటే పగుళ్ళలో నిలబడింది. తర్వాత బుడగలు. తర్వాత నల్లగా, వెచ్చగా, ఆయిల్! రోజంతా కలిపి ఒక పీపా నిండని బావి, గంటలో పీపా నింపింది. శ్రీరామ్మూర్తి గారు అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, "మీ మామయ్య ఇసుక తలుపు తెరిచి పట్టుకుందయ్యా" అన్నారు.

నన్ను పర్మినెంట్ చేశారు. కాగితం నా పెట్టెలో ఉంది. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి తీసి చూసుకుంటున్నాను.

ఇంకో బావికి నూట ఇరవై మూటలు కావాలి. ఆర్డరు విడిగా వస్తుంది. దాంట్లో ఒక షరతు టైపు చేయించారు, చదివి కోప్పడకండి: 'మూటలలో పైన అదనముగా ఏ పదార్థమూ వేయరాదు.' దాని తెలుగు కూడా నేనే రాశాను. రాసేటప్పుడు, మీకు కొసరు నేర్పిన తాతగారు చూస్తున్నట్టే అనిపించింది.

జిలానీ


786
వన్‌టౌన్
12 మే 1984

జిలానీకి దువాలు.

నూట ఇరవై మూటలూ అర్జునరావు బండిలో వస్తున్నాయి. పైన ఏమీ వెయ్యలేదు. మూతులు కుట్టేటప్పుడు నా కుడి చెయ్యి ఊరికే రాశి వైపు పోతుంటే పోతమ్మ చేట అడ్డం పెట్టింది. "కంపినోళ్ళు జైల్లో ఎడతారు" అని బెదిరించింది.

కాని బేటా, నావల్ల కాలేదు. కొలిచింది కొలిచినట్టు ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కొడుకు లాంటి వాడికి సరుకు పంపుతూ కొసరు ఎగ్గొట్టినట్టే ఉంది. అందుకని అర్జునరావు సీటు పక్కన చిన్న గుడ్డ సంచి పెట్టాను. అందులో నూట ఇరవై పిడికిళ్ళ ఇసుక ఉంది. ఈసారి మెత్తటిది కాదు. రెండు జల్లెళ్ళ మధ్య నిలిచిందే, రెండుసార్లు పట్టించిందే. మీ కాగితంలో మూటలలో వేయరాదని ఉంది, ఇది ఏ మూటలోనూ లేదు. పనికొస్తే వాడుకో, లేకపోతే నీ గుడారం గుమ్మంలో పోసుకో.

మామీ గోరుచిక్కుడు ఎండబెట్టి వరుగులు చేసింది. అవి కూడా ఆ సంచి పక్కనే ఉన్నాయి. ఈసారి దూకడానికి అక్కడ గోడ లేదు కదా అంటోంది.

హుస్సేన్ బాషా


786
క్యాంపు
23 మే 1984

మామూకి సలాం.

మూటలు అందాయి. ఒక్కోదానికి పైనా, మధ్యా, అడుగునా గొట్టం గుచ్చి చూశాను. అన్నీ పాసయ్యాయి. గుడ్డ సంచి కూడా ల్యాబులో పెట్టాను. శ్రీరామ్మూర్తి గారు చలాను తిరగేసి, "ఇది ఇందులో లేదేమిటి?" అన్నారు. "కొసరండీ" అన్నాను. ఈసారి నవ్వలేదు. సంచిలో చెయ్యి పెట్టి, ఆ ఇసుకని కాసేపు వేళ్ళ మధ్య జారనిచ్చారు. "మా నాన్నది పార్వతీపురంలో కిరాణా కొట్టు. ఆయనా ఇంతే" అన్నారు. తర్వాత, "పరీక్షకి నిలబడిందిగా, వేసెయ్" అన్నారు.

నిన్న పొద్దున ఆఖరి మూట ఇసుక కలిపే తొట్టిలో పడ్డాక, సంచి విప్పి నేనే నిలబడి వేశాను. ప్రతి పిడికిలికీ బిస్మిల్లా అన్నాను. మీరు నూట ఇరవై అని రాశారు. నా చేతికి నూట డెబ్బై ఆరు వచ్చాయి మామూ. మీ చెయ్యి అంత పెద్దదని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

వరుగులు వండించుకుని తిన్నాను. మామీకి చెప్పండి.

మీ జిలానీ